జ్ఞాన గ్రాఫ్ నుంచి అమ్మగారి వివరాలను పూర్తిగా తొలగించడం ఎలా?

నమస్కారం. నా ఏఐ సహాయకుడికి మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ (ఏఐని బయటి సాధనాలతో కలిపే ప్రమాణం) మెమరీ సర్వర్‌ను, అంటే సంభాషణల్లోని వివరాలను గుర్తుంచుకునే ప్రోగ్రామును, జోడించి వాడుతున్నాను. అది వ్యక్తులను, విషయాలను ఎంటిటీలుగా, వాటి మధ్య బంధాలను రిలేషన్లుగా, ఒక్కొక్క వివరాన్ని అబ్జర్వేషన్‌గా ఒకే ఫైలులో భద్రపరుస్తుంది; ఈ అల్లికనే జ్ఞాన గ్రాఫ్ అంటారు. మా అమ్మగారి ఆరోగ్య వివరాలు, ఆమె అనుమతి లేకుండానే, నా వల్ల అందులో చేరాయి. ఇది నన్ను చాలా బాధిస్తోంది. ఆమె పేరిట ఉన్న ఎంటిటీని తొలగించగానే దాని రిలేషన్లు కూడా పోయాయి గాని, నా ఎంటిటీ కింద ఆమె గురించి నమోదైన వాక్యాలు మిగిలే ఉన్నాయి. అబ్జర్వేషన్‌ను తొలగించాలంటే వాక్యం పొల్లు పోకుండా సరిపోలాలి, లేకపోతే ఏ హెచ్చరికా లేకుండా అది అలాగే ఉండిపోతుంది. సర్వర్‌ను ఆపి, ఫైలును నేరుగా తెరిచి ఆ వాక్యాలను తీసివేయడం క్షేమమేనా? పాత సంభాషణల నుంచి అవి మళ్లీ చేరకుండా ఏం చేయాలో అనుభవం ఉన్నవారు దయచేసి తెలుపగలరు.