బీడీ మాన్పించనీకి గమ్ ఇస్తే ఎందుకు పనిచేస్తలేదు?

దేవరకొండ దిక్కు:
పొద్దుగాల అడ్డా మీద నిలబడే కూలోళ్లల్ల నలభై దాటినోళ్లు రోజుకో కట్ట తాగుతరు. మానాలని చానామందికి ఉంది. మెడికల్ షాపుల నికోటిన్ గమ్ (పొగాకు యావ తగ్గించనీకి నమిలే మందు) కొనిచ్చినం. రెండు రోజులకే నోరు మండుతుంది, ఎక్కిళ్లొస్తున్నయి, యావ మాత్రం పోతలేదని పక్కన పడేసిండ్రు. పైగా "బీడీ ఆకు చెట్టుదే గద, ఏం గాదు" అంటరు. యాడ తప్పుతుంది?

మందుల చీటీ:
నమిలే తీరుల తప్పుతుంది. మెల్లగ పది, పదిహేను సార్లు నమిలితే నోట్లె కారంగ చురుక్కుమంటది. అప్పుడు ఆపి, చెంపకు చిగురుకు నడుమ పెట్టాలె. చురుకు తగ్గినంక మళ్ల కొంచెం నమిలి ఇంకో పక్కకు. ఇట్ల అర్ధగంట. గబగబ నమిలితే నికోటిన్ ఉమ్మితోని కడుపులకు పోతది. ఎక్కిళ్లు, మంట అందుకే.

ఇంకోటి, ఛాయ్. నోట్లె పులుపుంటే నికోటిన్ లోపటికి గుంజదు. ఛాయ్, సోడా, నిమ్మకాయ నీళ్లు ఏవైనా సరే, తాగినంక పావుగంట ఆగాలె. అడ్డా మీద ఛాయ్ కప్పు చేతుల ఉండంగనే గమ్ ఏస్తే పైసలు దండుగ.

లేచిన అర్ధగంటల్నే ముట్టించేటోళ్లకు 2 మి.గ్రా. గమ్ సరిపోదు. డాక్టర్‌ను అడిగి 4 మి.గ్రా. తీస్కోవాలె. మొదటి ఆరు వారాలు గంట, రెండు గంటలకొకటి, యావ లేకున్నా సరే. తర్వాత ఎడం పెంచుకుంట పోయి పన్నెండు వారాలకు ఆపాలె.

నల్లమల అంచు:
ఆకు సంగతి: తునికాకుల నుంచి గాలి ఆడదు, బీడీ మాటిమాటికి ఆరిపోతది. ఆరకుండా ఉండాలంటే ఘడిఘడికి దమ్ము గుంజాలె. అందుకే పొగాకు తక్కువున్నా పొగ, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఎక్కువ పోతయి. ఫిల్టర్ అసలే లేదు. కట్టను సగం చేసుకున్నోళ్లు గూడ ఒక్కోదాన్ని వేళ్లు కాలేదాక గుంజుతరు, నా లెక్కల అది తగ్గించినట్టు గాదు.

ఊరి ఆశమ్మ పక్కింటోడు:
బీడీ మానినంక రెండో రోజు, మూడో రోజు గండం. చిరాకు, నిద్ర పట్టకపోవుడు, తిండి యావ. మూడు, నాలుగు వారాలల్ల సర్దుకుంటది. కొందరికి మలబద్ధకం, నోట్లె పుండ్లు గూడ అయితయి, గమ్ మీద తప్పు పెట్టకుండ్రి. ఆ వారాలు కల్లు కాంపౌండ్ దిక్కు పోవద్దు, పట్టిన నియమమంత ఆడనే జారుతది. గుట్కా, ఖైనీకి మారుడు మానుడు గాదు. కట్ట మీదుండే 1800-112-356 కు ఫోన్ చేస్తే పైసా పడదు.

దేవరకొండ దిక్కు:
సమజైంది. కట్టుడు పండ్లోళ్లకు ఎట్ల? గమ్ అంటుకుంటుందంట.

మందుల చీటీ:
వాళ్లకు నికోటిన్ ప్యాచ్ (ఒంటికి అతికించే పట్టీ) మంచిది. వెంట్రుకల్లేని, నూనె అంటని చోట, ఎగువ చెయ్యి మీదనో భుజం మీదనో ఒత్తిపట్టి అతికించి, రోజూ చోటు మార్చాలె. ఎండల మట్టిపనికి పోయేటోళ్లకు చెమటకు ఊడుతది, పొద్దుగాల్నే తానం చేసి, ఒళ్లు బాగ ఆరినంక పెట్టమను.