రిసెప్షన్ స్టేజీకి ఆకుపచ్చ ఫోమ్ వాడాలా, వద్దా?

గోదారి అమ్మాయి
మాఘమాసంలో మా తమ్ముడి పెళ్లి, రాజమండ్రిలో. డెకరేషన్ ఆయనతో అన్నీ మాట్లాడుకున్నాం, ఒక్క విషయం దగ్గర ఆగిపోయాం. పూలకాడలు గుచ్చడానికి ఇటుకలాంటి ఆకుపచ్చ ఫోమ్ వాడతారు కదా, షాపుల్లో ఒయాసిస్ అంటారు. అది వద్దని నేను. అది లేకపోతే ఇంగ్లిష్ పూల పని జరగదని ఆయన.

నా పట్టుదలకి కారణం ఉంది. కిందటేడు మా పిన్ని కూతురి రిసెప్షన్ అయిన మర్నాడు పొద్దున్న ఆ హాలు వెనక్కి వెళ్లాను. వాడిపోయిన జెర్బెరాలని ఆవులు తింటున్నాయి, కాడలకి అతుక్కున్న ఫోమ్ ముక్కలతో సహా. పక్కనే మురిక్కాలవలో నీళ్లమీద పచ్చటి పొడి తెట్టులా తేలుతోంది. అమ్మేమో "ఒక్క పూట ముచ్చటకి ఇంత గొడవేంటే" అంటోంది. మీరేమంటారు?

బెజవాడ పూలపని
అమ్మా, నేను 16 ఏళ్లుగా చేస్తున్నది ఈ పనే. మీ డెకరేటర్ తరఫున మాట్లాడతాను, తిట్టేవాళ్లు తర్వాత తిట్టండి.

ఆ ఇటుక ఒకేసారి రెండు పనులు చేస్తుంది. ఒక్కోటి దాదాపు రెండు లీటర్ల నీళ్లు తాగుతుంది, అదే సమయంలో కాడని మనం ఏ వాలులో గుచ్చితే ఆ వాలులోనే పట్టుకుంటుంది. కుండీలో నీళ్లున్నా కాడ నిలబడదు. జాలీలో కాడ నిలబడినా నీళ్లుండవు. జెర్బెరా కాడ డొల్లగా ఉంటుంది, నీళ్లు అందకపోతే గంటల్లో మెడ వాల్చేస్తుంది. ఫొటోల టైముకి పూలన్నీ నేలచూపులు చూస్తే మాటలు పడేది నేను.

ఇంకో సంగతి. హాలు మా చేతికొచ్చేది రాత్రి పదిన్నరకి. పొద్దున్న ఆరింటికి స్టేజీ రెడీగా ఉండాలి. ఫోమ్‌తో నలుగురు కుర్రాళ్లు చేసే పనికి, కోళ్లగూడుకి కొట్టే ఇనుప జాలీతో అయితే పదిమంది కావాలి. ఆ మిగతా ఆరుగురి కూలీ ఎవరిస్తారు? "ఫోమ్ వద్దు" అనేవాళ్లు బోలెడుమంది, "ఎంతవుతుంది" అని అడిగిన వాళ్లు ఇప్పటికి ఇద్దరే.

(వాడేవాళ్లకి ఒక మాట: ఇటుకని నీళ్లలోకి నొక్కకండి. పైన వదిలేస్తే దానంతట అదే మునుగుతుంది. నొక్కితే నడిమధ్యలో పొడిగా ఉండిపోతుంది, పూలు అక్కడే చస్తాయి. కొత్త కుర్రాళ్లందరూ చేసే తప్పిదే.)

మెల్‌బోర్న్ మల్లి
అన్నా, కూలీ మాట నిజమే, కాదనను. కానీ ఆ ఫోమ్ ఏంటో కూడా చెప్పాలి కదా. అది ప్లాస్టిక్. 1954లో అమెరికాలోని ఒహాయోలో వెర్నన్ స్మిథర్స్ అనే ఆయన దాన్ని పూల దుకాణాలకి తెచ్చాడు. అప్పటి నుంచి వేసిన ప్రతి ముక్కా నలిగి నలుసైంది గానీ మట్టిలో కలవలేదు. ఇక్కడ మెల్‌బోర్న్‌లోని ఆర్ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు పరీక్ష చేస్తే, నీళ్లలో బతికే చిన్న జీవులు ఆ నలుసుల్ని మింగుతున్నాయనీ, నానిన ఫోమ్ నుంచి విషపు రసాయనాలు నీళ్లలోకి దిగుతున్నాయనీ తేలింది. ఇంగ్లండ్‌లో తోటల పెంపకం సంస్థ రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తన పూల ప్రదర్శనల్లో దీన్ని ఆపేసింది. లండన్‌లోని చెల్సీలో వాళ్ల పెద్ద పూల ప్రదర్శనే ఇది లేకుండా జరుగుతున్నప్పుడు రాజమండ్రిలో ఎందుకు జరగదు?

బెజవాడ పూలపని
చెల్సీ వాళ్లకి హాలు రాత్రి పదిన్నరకి ఇస్తారా చెల్లెమ్మా?

సరే, పోనీ. ఈమధ్య మొక్కల నుంచి తీసిందని చెప్పి వేరే ఫోమ్ అమ్ముతున్నారు. రేటు ఎక్కువే. అదైతే సరేనా?

మెల్‌బోర్న్ మల్లి
అదే పరీక్షలో అలాంటి ఫోమ్ కూడా పెట్టారన్నా. దాని నుంచి దిగిన నీళ్లు మామూలు ఫోమ్ నీళ్లకంటే ఎక్కువ హాని చేశాయి. పేరు చూసి కొనొద్దు.

రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారు
ఒక చిన్న సవరింపు, పాఠం చెప్పే అలవాటు పోలేదు, మన్నించాలి. ఇది ఫినాల్, ఫార్మాల్డిహైడ్ కలిపి చేసిన పదార్థం. బేకలైట్‌ది ఇదే కుటుంబం. మీ కుక్కర్ నల్ల పిడి బేకలైటే. పొయ్యి మీద ఎంత వేడెక్కినా అది కరగదు కదా? పూల ఫోమ్ కూడా అంతే, కరిగించి మళ్లీ పోత పోయడం కుదరదు. కాబట్టి "రీసైక్లింగ్‌కి పంపిస్తాం" అని ఎవరైనా అంటే నమ్మకండి.

చట్టం సంగతి ఇంకా తమాషా. 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ జాబితాలో డెకరేషన్ థర్మకోల్ ఉంది, స్వీట్ డబ్బాలకి చుట్టే పల్చటి ప్లాస్టిక్ కాగితం ఉంది. పూల ఫోమ్ లేదు. స్టేజీ మీద థర్మకోల్ అక్షరాలు పెడితే తప్పు, వాటి కింద నలభై ఫోమ్ ఇటుకలు పెడితే తప్పు కాదు.

గునుగుపువ్వు, కరీంనగర్
మీరంతా ఫోమా జాలీయా అని కొట్లాడుతున్నరు గానీ, ఏ పట్టూ లేకుండా నిలబెట్టే పూల పని మన ఇంట్లనే ఉన్నది గదా. బతుకమ్మ. తాంబాళంల గుమ్మడాకులు పరిచి, చుట్టూ తంగేడు, దాని మీద రంగులద్దిన గునుగు, వరుస మీద వరుస. నడుమ ఖాళీల కోసిన కాడలు, ఆకుల తుక్కు నింపుకుంటూ పోతం. పూవును పూవే పట్టుకుంటది. మా అత్తమ్మ పేర్చిన సద్దుల బతుకమ్మ నా నడుము దాకా వచ్చేది. నెత్తిన పెట్టుకొని చెరువు దాకా నడిచినా ఒక్క పూవు జారకపోయేది.

పోయినేడు మా అపార్ట్‌మెంట్‌ల ఒకామె తొందరల నడుమ ఫోమ్ పెట్టి పది నిమిషాల్ల పేర్చింది. చూడనీకి మంచిగనే ఉండె. చెరువుల వదిలితే పూలు నీళ్ల పాలైనయి, ఆ పచ్చ ఇటుకలు మాత్రం తేలుకుంట ఒడ్డుకొచ్చినయి. పిల్లలు వాటితోని ఆడుకుంటుంటే మా అత్తమ్మ మొఖం చూడాల్సింది.

బెజవాడ పూలపని
అక్కా, దండం. మీ అత్తమ్మగారు వస్తే నేనే శిష్యుణ్ణి అవుతాను. కానీ బతుకమ్మ కింద విశాలంగా కూర్చుంటుంది, బరువు కిందికే దిగుతుంది. నాకు కావలసింది తలుపు మీద ఆర్చి, పూలు కిందికీ పక్కకీ చూడాలి. బరువంతా గాల్లో ఉంటుంది. అది వేరే లెక్క.

కడియం కుర్రోడు
ఇప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. అసలు ఏ పువ్వుకి నీళ్లు కావాలి? బంతి, చామంతి దండ కట్టాక నీళ్లు అడుగుతాయా? పొద్దున్న కట్టింది రాత్రి దాకా అలాగే ఉంటుంది. కార్నేషన్ కూడా మొండిది, ఒక పూట తట్టుకుంటుంది. ఆర్చి మొత్తం వీటితో కడితే ఫోమ్ ఎందుకు? కర్ర, అరటినార చాలు.

బ్యాంకాక్ ఆర్కిడ్ల కాడ చివర చిన్న నీళ్ల గొట్టం ఉంటుంది, రబ్బరు మూతతో. అన్ని హాళ్లలోనూ ఊడబెరికి పారేస్తున్నారు. నేను రెండేళ్లుగా ఏరి కడిగి దాస్తున్నాను, గోనెసంచి నిండా ఉన్నాయి. గులాబీకి అవి తొడిగితే జాలీలో ఏ వాలులోనైనా పెట్టొచ్చు. గొట్టం ప్లాస్టికే, ఒప్పుకుంటాను. కానీ పదిసార్లు వాడుకోవచ్చు.

టేబుల్ మీద పెట్టేవాటికి అరటిబోదె ముక్కలు. నిండా తడే. మేకుతో చిల్లు పెట్టి కాడ దింపితే కదలదు. మర్నాడు ఆవులు తింటే తిననివ్వండి.

బెజవాడ పూలపని
అరటిబోదె కోసిన చోట గంటలో నల్లబడుతుంది, తెల్లగుడ్డ మీద మరక పడితే పోదు. హాలు వాళ్లు గుడ్డ డబ్బులు నా దగ్గరే పట్టుకుంటారు. అది చెప్పలేదేం తమ్ముడూ?

కడియం కుర్రోడు
అరటాకు కింద వేసి పెట్టండన్నా. పళ్లెంలో పెట్టినా సరే.

సికింద్రాబాద్ సీనియర్
ఫోమ్ సరే, మరి అతిథులు తెచ్చే బొకేల మాటేమిటి? ఒక్కోదానికి నాలుగు పొరల పారదర్శక కాగితం, రిబ్బను, లోపల తళుకు. 1912లో స్విస్ ఆయన బ్రాండెన్‌బెర్గర్ పేటెంటు తీసుకున్న సెల్లోఫేన్ చెక్కగుజ్జుతో చేసింది, మట్టిలో కలిసిపోయేది. ఇప్పుడు పేరు అదే ఉంది, చుట్టేది మాత్రం పెట్రోలు ప్లాస్టిక్. మాస్టారు చెప్పిన జాబితాలో స్వీట్ డబ్బా చుట్టు ఉంది, బొకే చుట్టు లేదు. మా చిన్నప్పుడు మూర మల్లెపూలు అరటాకులో చుట్టి ఇచ్చేవాళ్లు, ఇంటికొచ్చేసరికి ఆకు తడికి పూలు ఇంకా విచ్చుకునేవి. శుభలేఖలో "బొకేలు వద్దు" అని రాయించండి.

గోదారి అమ్మాయి
అందరికీ థాంక్స్. నిన్న మా డెకరేటర్ గారికి ఈ మాటలన్నీ చదివి వినిపించాను. మొదట నవ్వారు, తర్వాత కాగితం తీసుకున్నారు.

ఆర్చి, వెనక తెర మొత్తం బంతి, చామంతి, అక్కడక్కడా కార్నేషన్. జెర్బెరా తీసేశాం. గులాబీలకి గొట్టాలు, కడియం తమ్ముడూ, ఓ రెండు వందలు ఇస్తావా? తిరిగి ఇచ్చేస్తాం, లెక్కపెట్టి. ఇద్దరు మనుషుల అదనపు కూలీ మేం ఇస్తామన్నాం, ఆ మాటతో సగం వాదన పోయింది. ఒక్కదగ్గర మాత్రం నేను ఓడిపోయాను: కారు బానెట్ మీద పూలకి రెండు ఇటుకలు కావాల్సిందేనట, గాలికి జాలీ ఆగదట. ఆ రెండూ ఆయనే తిరిగి తీసుకెళ్లాలని రాయించుకున్నాను. బొకేలు వద్దన్న మాటకి నాన్న ఒప్పుకోలేదు, ఆఫీసు వాళ్లు నొచ్చుకుంటారట.

బెజవాడ పూలపని
కారుకి కూడా ఫోమ్ అక్కర్లేదమ్మా. బానెట్‌కి పూలజడ అల్లించి, కొసలు కిటికీల్లోంచి లోపలికి లాగి కట్టమనండి. ఈ మాట నేను చెప్పానని మాత్రం ఆయనతో అనకండి.