మేజర్ గెలవని మాంట్‌గామరీకి స్కాట్లాండ్ గోల్ఫర్లలో ఏ స్థానం ఇవ్వాలి?

పంతొమ్మిదో హోల్:
ప్రశ్న సూటిగా పెడుతున్నాను. గత యాభై ఏళ్ల స్కాట్లాండ్ గోల్ఫ్ గురించి మాట్లాడినప్పుడు మూడు పేర్లు తప్పకుండా వస్తాయి. శాండీ లైల్ 1985లో ఓపెన్ (బ్రిటిష్ ఓపెన్), 1988లో మాస్టర్స్ గెలిచారు. పాల్ లారీ 1999లో కార్నూస్టీలో ఓపెన్ గెలిచారు. కాలిన్ మాంట్‌గామరీ యూరోపియన్ టూర్‌లో 31 టోర్నమెంట్లు గెలిచారు. ఏడాది పొడవునా గెలుచుకున్న సొమ్మును బట్టి అగ్రస్థానం తేల్చే ఆర్డర్ ఆఫ్ మెరిట్‌ను 1993 నుంచి 1999 దాకా వరుసగా 7 సార్లు, తిరిగి 2005లో ఒకసారి దక్కించుకున్నారు. అయినా మేజర్లలో, అంటే ఏటా జరిగే నాలుగు అతిపెద్ద పోటీల్లో (ఓపెన్, మాస్టర్స్, యూఎస్ ఓపెన్, పీజీఏ చాంపియన్‌షిప్), ఐదుసార్లు రెండో స్థానం దగ్గరే ఆగిపోయారు. నా దృష్టిలో ముగ్గురిలో ఆయనే ముందు. ఏడేళ్లపాటు ఒక ఖండంలో ఎవరూ దాటలేని ఆటను నాలుగు రోజుల పోటీతో కొలవడం న్యాయం కాదు. కాదనేవారు కారణం చెప్పాలని మనవి.

నల్లరేగడి:
కారణం మీ మాటల్లోనే ఉంది. “ఒక ఖండంలో” అన్నారు. అమెరికా పీజీఏ టూర్‌లో ఆయనకు ఒక్క విజయం కూడా లేదు. ప్రపంచంలోని మేటి ఆటగాళ్లందరూ ఒకచోట చేరేది మేజర్లలోనే కాబట్టి, అక్కడ నెగ్గనివారిని అక్కడ నెగ్గినవారి కంటే పైన నిలబెట్టాలంటే అభిమానం తప్ప వేరే ఆధారం దొరకదు. పైగా ఐదుసార్లు గుమ్మం దాకా వచ్చి వెనుదిరగడాన్ని దురదృష్టం అనలేం. ఒత్తిడిలో ఆయన చేతులు మాట వినలేదనే నా అభిప్రాయం.

ఏటిగట్టు:
నల్లరేగడి గారూ, ఆ ఐదింటినీ ఒకే గాటన కట్టడం దగ్గరే నాకు అభ్యంతరం. 1994లో ఓక్‌మాంట్‌లో యూఎస్ ఓపెన్ సోమవారం నాటి 18 హోళ్ల ప్లేఆఫ్‌కు (సమంగా నిలిచినవారిలో విజేతను తేల్చే అదనపు ఆటకు) వెళ్లినప్పుడు ఆయన 78 స్ట్రోకులు (దెబ్బలు) కొట్టారు; గోల్ఫ్‌లో ఎంత తక్కువైతే అంత మేలు. ఎర్నీ ఎల్స్, లోరెన్ రాబర్ట్స్ చెరో 74 కొట్టారు. అది నిజంగానే పేలవమైన ఆట, దానికి సాకు లేదు. కానీ 1995లో రివియేరాలో జరిగిన పీజీఏ చాంపియన్‌షిప్ చూడండి. చివరి మూడు హోళ్లలోనూ వరుసగా బర్డీలు (హోల్‌కు నిర్ణయించిన పార్ స్కోరు కంటే ఒక దెబ్బ తక్కువ) కొట్టి, మొత్తం 267తో స్టీవ్ ఎల్కింగ్టన్‌ను అందుకున్నారు. ఆ పోటీలో అప్పటికి అంతకంటే తక్కువ స్కోరు ఎవరికీ లేదు. ప్లేఆఫ్ మొదటి హోల్‌లోనే ఎల్కింగ్టన్ సుమారు 25 అడుగుల పట్‌ను (గుంట చుట్టూ నున్నటి గడ్డి ఉండే గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బను) గుంటలో వేశారు. దానికి మాంట్‌గామరీ చేతులను తప్పుపట్టడం ఎలా? 1997 యూఎస్ ఓపెన్‌లో, కాంగ్రెషనల్ మైదానంలో పదిహేడో హోల్ దగ్గర, పక్కనే ఉన్న పద్దెనిమిదో గ్రీన్ నుంచి వస్తున్న జనం అరుపులు సద్దుమణిగే దాకా ఆగి, ఆ తర్వాత చిన్న పట్‌ను వదిలేసుకున్నారు. ఎల్స్ ఒక్క స్ట్రోక్ తేడాతో గెలిచారు. 2005లో సెయింట్ ఆండ్రూస్‌లో జరిగిన ఓపెన్‌లో టైగర్ వుడ్స్ 5 స్ట్రోకుల ముందున్నారు కనుక అక్కడ చేజారిందంటూ ఏమీ లేదు.

ఇక మిగిలింది 2006 యూఎస్ ఓపెన్, వింగ్డ్ ఫుట్ మైదానం. దానికి మాత్రం నా దగ్గర సమాధానం లేదు. పదిహేడో హోల్‌లో చాలా పొడవైన పట్‌తో బర్డీ సాధించి, చివరి హోల్‌లో బంతిని ఫెయిర్‌వే (గ్రీన్ దాకా గడ్డి కత్తిరించిన దారి) నడిమధ్యకు కొట్టారు. తోడుగా ఆడుతున్న విజయ్ సింగ్ బంతి దారి తప్పడంతో చాలాసేపు వేచి ఉండాల్సి వచ్చింది. ఆ నిరీక్షణలో చేతిలోని 6 ఐరన్‌ను పక్కనపెట్టి, బంతిని కాస్త తక్కువ దూరం పంపే క్లబ్బు అయిన 7 ఐరన్ తీసుకున్నారు. బంతి గ్రీన్‌కు చేరకుండా కుడివైపు దట్టమైన గడ్డిలో పడింది. అక్కడి నుంచి గ్రీన్ మీదికి చేర్చి, మూడు పట్‌లు తీసుకుని డబుల్ బోగీతో (పార్ కంటే రెండు దెబ్బలు ఎక్కువతో) ముగించారు. పార్ కొట్టి ఉంటే టైటిల్ ఆయనదే. బోగీ (ఒక దెబ్బ ఎక్కువ) అయినా, చివరికి గెలిచిన జెఫ్ ఓగిల్వీతో ప్లేఆఫ్ దక్కేది.

నల్లరేగడి:
మీరు 7 ఐరన్ ప్రస్తావన తెచ్చారు కాబట్టి లైల్ సంగతీ చెప్పాలి. 1988 మాస్టర్స్‌లో, అగస్టాలో చివరి హోల్‌లో ఆయన బంతి ఫెయిర్‌వే బంకర్‌లో (ఇసుక గుంటలో) పడింది. మార్క్ కాల్కవెకియాను దాటాలంటే బర్డీ కావాలి. ఆ ఇసుకలో నుంచి 7 ఐరన్‌తోనే గ్రీన్ మీదికి కొట్టారు. జెండాను దాటి పడిన బంతి వాలు మీదుగా వెనక్కి దొర్లింది, ఆ పట్‌నూ పూర్తిచేశారు. ఇద్దరూ స్కాట్లాండ్ వాళ్లే, క్లబ్బు అదే, హోలూ చివరిదే. ఒకరు ఇసుకలో నుంచి గెలిచారు, మరొకరు చదునైన గడ్డి మీద నుంచి ఓడారు. నా వాదనకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

పాతపేపరు:
ఒత్తిడి అంటే మేజర్ ఒక్కటేనా? యూరప్, అమెరికా జట్లు తలపడే రైడర్ కప్‌లో ఎనిమిదిసార్లు ఆడిన మాంట్‌గామరీ సింగిల్స్‌లో (ఒకరితో ఒకరు ఆడే మ్యాచ్‌లలో) ఒక్కసారీ ఓడలేదు: 6 గెలుపులు, 2 సమానాలు. 1999లో అమెరికాలోని బ్రూక్‌లైన్‌లో జరిగిన రైడర్ కప్‌లో జనం రోజంతా నోటికొచ్చినట్టు దూషిస్తుంటే ఆయన తండ్రి భరించలేక మైదానం వదిలి వెళ్లిపోయారు. ప్రత్యర్థి పేన్ స్టువర్ట్, కప్పు అమెరికాదేనని తేలిపోయాక, చివరి గ్రీన్ మీద మాంట్‌గామరీ పట్ వేయకముందే మ్యాచ్‌ను ఆయనకు వదిలేశారు. స్టువర్ట్ పెద్దమనసు వేరే చర్చ. ఆ గోలలో అంతదాకా నిలబడిన మనిషిని పిరికివాడనడం నాకు మింగుడుపడదు.

ఇంకో మాట. ఆ వారం జంటల పోటీల్లో మాంట్‌గామరీ పక్కన ఆడింది రెండు నెలల క్రితమే ఓపెన్ గెలిచిన లారీ. మరి ఆ జంటలో పెద్ద ఆటగాడు ఎవరు?

పంతొమ్మిదో హోల్:
లారీ సంగతి అక్కడితో తేలిందనే అనుకుంటాను. కార్నూస్టీలో చివరి రోజు 10 స్ట్రోకులు వెనక నుంచి వచ్చి గెలవడం సామాన్యం కాదు గాని, దాని పక్కన 31 విజయాలు పెడితే త్రాసు ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు.

లైల్ విషయంలో పోటీ గట్టిదే. అయితే అగస్టా తర్వాత ఏడాదిన్నర తిరగకముందే ఆయన ఆట ఎంతగా దెబ్బతిన్నదంటే, 1989 రైడర్ కప్‌కు తనను పరిగణించవద్దని ఆయనే కోరారు. మాంట్‌గామరీ మాత్రం 41 ఏళ్లు దాటాక, 2005లో, ఆర్డర్ ఆఫ్ మెరిట్‌ను మళ్లీ గెలిచారు. అమెరికా సంగతికి వస్తే, 2014లో అక్కడే సీనియర్ పీజీఏ, యూఎస్ సీనియర్ ఓపెన్ రెండూ నెగ్గారు. “యాభై దాటినవారి పోటీలు లెక్కలోకి రావు” అని నల్లరేగడి గారు అంటారని తెలుసు. నిజమే, అక్కడ ఎల్స్ లేరు, వుడ్స్ లేరు. అవి పక్కనపెట్టినా నా లెక్క మారదు: మొదట మాంట్‌గామరీ, ఆ వెంటనే లైల్.

నల్లరేగడి:
మొదట లైలే. వింగ్డ్ ఫుట్ పద్దెనిమిదో హోల్‌కు ఎవరైనా సమాధానం తెస్తే మళ్లీ ఆలోచిస్తాను. ఏటిగట్టు గారే తన దగ్గర లేదని రాశారు.