అసైలం తిరస్కరణ తర్వాత పెళ్లి ద్వారా గ్రీన్ కార్డ్: అమెరికాకు కొత్తగా వచ్చిన సభ్యుని ప్రశ్న

ప్రశ్న: సభ్యులందరికీ నమస్కారం. విద్యార్థి వీసాపై టెక్సాస్ వచ్చిన నేను, చదువు మధ్యలో ఆగిపోయాక అసైలంకు (స్వదేశంలో ప్రాణభయం ఉందంటూ కోరే ఆశ్రయం) దరఖాస్తు చేసుకున్నాను. ఇమిగ్రేషన్ జడ్జి దానిని తిరస్కరించారు, అప్పీలు పెండింగులో ఉంది. ఇక్కడి పౌరురాలైన తెలుగు అమ్మాయితో నాకు పెళ్లి నిశ్చయమైంది. పెద్దలు హైదరాబాద్‌లో పెళ్లి చేద్దామంటున్నారు. పెళ్లయితే పాత కేసుతో పని లేదని రూమ్మేట్లు చెబుతున్నారు. నిజమేనా?

మొదటి జవాబు: తమ్ముడూ, శుభాకాంక్షలు. ముందుగా హైదరాబాద్ ప్రయాణం ఆలోచన మానుకోండి. అప్పీలు నడుస్తుండగా మీరు దేశం విడిచి వెళితే అప్పీలును మీరే ఉపసంహరించుకున్నట్టు పరిగణిస్తారు, జడ్జి ఇచ్చిన బహిష్కరణ ఉత్తర్వు ఖరారవుతుంది, దానిని మీ అంతట మీరే అమలు చేసుకున్నట్టవుతుంది. ఆ తర్వాత 10 ఏళ్లపాటు ప్రత్యేక అనుమతి లేకుండా తిరిగి రాలేరు. పైగా ప్రాణభయం ఉందని ప్రమాణం చేసి చెప్పిన ఊళ్లోనే బాజాభజంత్రీలతో పెళ్లి ఎలా చేసుకున్నారని ఎవరైనా అడిగితే చెప్పడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

మీకు కలిసివచ్చే సంగతి ఒకటుంది. మీరు వీసాతో వచ్చారు, విమానాశ్రయంలో అధికారి తనిఖీ చేసి లోపలికి అనుమతించారు. అలా వచ్చినవారు అమెరికా పౌరుల భార్య లేదా భర్త అయితే, స్టేటస్ (చట్టబద్ధంగా ఉండే హోదా) పోయినా, అనుమతి లేకుండా పనిచేసినా, దేశం దాటకుండానే ఐ-485 దరఖాస్తు ద్వారా గ్రీన్ కార్డ్ అడిగే వీలును చట్టం కల్పిస్తోంది. అమ్మాయికి పౌరసత్వం కాక గ్రీన్ కార్డ్ మాత్రమే ఉండి ఉంటే మీకు ఈ వెసులుబాటు దక్కేది కాదు. తనిఖీ లేకుండా సరిహద్దు దాటి వచ్చిన మన కుర్రాళ్లలో చాలామందికి కూడా పెళ్లి ఒక్కటే దారి చూపదు. కాబట్టి మీ ఐ-94 (దేశంలోకి అనుమతించినట్టు చూపే ప్రవేశ రికార్డు) ప్రతిని జాగ్రత్తగా దాచుకోండి.

అయితే పాత కేసుతో పని లేదన్న మాట పూర్తిగా తప్పు. భర్త కోసం పౌరురాలు వేసే ఐ-130 పిటిషన్‌ను పరిశీలించేది యూఎస్‌సీఐఎస్ (ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ) అయినా, కేసు కోర్టులో ఉన్నంతకాలం గ్రీన్ కార్డ్ ఇవ్వాలా వద్దా అని తేల్చవలసింది జడ్జే. కనుక పెళ్లి తర్వాత ఐ-130 దాఖలు చేసి, కేసును తిరిగి జడ్జి దగ్గరకు పంపమని అప్పీళ్ల బోర్డును మీ లాయర్ కోరాలి. బోర్డు అప్పీలును కొట్టేస్తే, కేసును తిరిగి తెరవమని అడగడానికి సాధారణంగా 90 రోజులే గడువు. ఐ-130 ఇంకా పెండింగులో ఉన్నా అలా అడగవచ్చని 2002లో బోర్డు ఒక తీర్పులో చెప్పింది, కానీ పెళ్లి నిజమైనదని బలమైన సాక్ష్యం చూపాలి. గడువు దాటితే ప్రభుత్వ లాయర్లు కలిసి సంతకం చేస్తే తప్ప పని జరగడం కష్టం. ఐ-130 వేసినంత మాత్రాన, అది మంజూరైనా సరే, బహిష్కరణ దానంతట అది ఆగదు.

జడ్జి తీర్పును మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవండి. మామూలు తిరస్కరణ అయితే పెళ్లి దారి మూసుకుపోదు. కథను కావాలని కల్పించారని నిర్ధారించి, దరఖాస్తును ఫ్రివలస్‌గా (బూటకపుదిగా) ప్రకటించి ఉంటే మాత్రం ఎవరిని పెళ్లాడినా ఇమిగ్రేషన్ చట్టం కింద ఇక ఏ ప్రయోజనమూ దాదాపుగా అందదు. డబ్బు తీసుకుని అందరికీ ఒకే కథ రాసిచ్చే ఏజెంట్ల మీద నాకున్న కోపం ఇందుకే. అలాగే స్వచ్ఛందంగా వెళ్లిపోవడానికి జడ్జి గడువు ఇచ్చి ఉంటే దాని సంగతి వెంటనే లాయరును అడగండి. ఆ గడువులోగా వెళ్లనివారికి 10 ఏళ్లపాటు ఈ తరహా గ్రీన్ కార్డ్ దారి మూతపడుతుంది.

రెండో జవాబు: పై సభ్యులు చెప్పినదానికి కొంత చేరుస్తున్నాను. అసైలం ఫారం ఐ-589లో మీ వైవాహిక స్థితి, పాత చిరునామాలు, ఉద్యోగాలు అన్నీ రాసి ఉంటారు. పెళ్లి పిటిషన్ ఇంటర్వ్యూ రోజున అధికారి ముందుండేది అదే ఏ-నంబరు (ఇమిగ్రేషన్ శాఖ మీకిచ్చిన గుర్తింపు సంఖ్య) ఫైలు. మన సమాచార హక్కు లాంటి ఎఫ్‌ఓఐఏ కింద ఆ ఫైలు తెప్పించుకుని, కొత్త దరఖాస్తులు వేయకముందే పోల్చి చూసుకోండి. ఊళ్లో ఇదివరకే పెళ్లయి, పెద్దమనుషుల సమక్షంలో విడిపోయినవారైతే ఆ కాగితం మీద ఆధారపడకండి, కోర్టు డిక్రీ ఉండడం క్షేమం.

ఇక్కడ గుడిలో పంతులుగారు పెళ్లి చేసినా, ముందుగా కౌంటీ లైసెన్సు తీసుకుని, ఆయన సంతకంతో తిరిగి దాఖలు చేయించండి. తలంబ్రాల ఫొటోలు ఆల్బం నిండా పట్టుకెళ్లేవారిని చూశాను, కానీ ఇద్దరి పేర్ల మీద ఉన్న అద్దె ఒప్పందం, కలిసి వేసిన పన్ను రిటర్ను, ఒకరి ఆరోగ్య బీమాలో మరొకరి పేరు ఎక్కువ విలువైనవి. కోర్టు కేసు నడుస్తుండగా చేసుకున్న పెళ్లిని మామూలుకన్నా అనుమానంగా చూస్తారు కనుక, పెళ్లి నిజమైనదేనని నిరూపించే ప్రత్యేక అభ్యర్థనను ఐ-130తో పాటే రాసి జతచేయాలి. ఉత్తుత్తి పెళ్లి అని తేలితే ఆ తర్వాత నిజంగా పెళ్లాడినా పిటిషన్ మంజూరు కాదు.

కార్డు వచ్చేనాటికి పెళ్లై రెండేళ్లు నిండకపోతే రెండేళ్ల షరతుల కార్డే ఇస్తారు. అది ముగిసేముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి ఆ షరతులు తొలగించమని కోరే ఐ-751 వేయాలి. ఇక పెళ్లయ్యాక అమ్మాయి ఇంటికి మారితే, అయిదు పనిదినాల్లోగా కొత్త చిరునామాను అప్పీళ్ల బోర్డుకు ఫారం ద్వారా తెలియజేయండి, లాయరే పంపుతారని ఊరుకోకుండా పంపిన ప్రతిని అడిగి తీసుకోండి.