పాత ఆక్టోప్యాడ్ అమ్మేటప్పుడు, అడగని లోపం చెప్పాలా?

గుంటూరు_రిథమ్:
సెకండ్‌హ్యాండ్ ఆక్టోప్యాడ్ (కర్రలతో కొట్టి వాయించే ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్), ఎస్‌పీడీ-20 మోడల్ ఒకటి 18 వేలకు కొన్నాను. అమ్మినాయన ఇంట్లోనే 8 ప్యాడ్లూ ఒక్కొక్కటీ కొట్టి చూశా, అన్నీ పలికాయి. ఆదివారం చర్చిలో పాట ఊపందుకున్నాక ఏడో ప్యాడ్ గట్టిగా కొడితే పక్కనున్న ఆరోది కూడా మోగుతోంది. సెట్టింగ్స్ తెరిస్తే ఆరో ప్యాడ్ సెన్సిటివిటీ (ఎంత తేలిక దెబ్బకు పలకాలో పెట్టుకునే అంకె) ఒక్కటే ఆఖరిదాకా పెంచి ఉంది. మిగతావాటితో సమానం చేశానో లేదో, ఆ ప్యాడ్ మూగనోము పట్టింది. ఫోన్ చేస్తే, "మీరే వాయించి చూసుకున్నారు కదండీ, నేనేమన్నా అబద్ధం చెప్పానా?" అంటాడు. చెప్పలేదు, నిజమే. మరి దీన్ని మోసం అనాలా, వద్దా?

పాతసామాన్ల_బాబాయ్:
మోసం ఎలా అవుతుంది తమ్ముడూ? ప్రోగ్రాములకు తిరిగేవాడికి ఒక ప్యాడ్ బలహీనపడితే సెన్సిటివిటీ పెంచుకుని పని కానిచ్చుకుంటాడు. నిన్ను ముంచడానికే పెంచాడని ఎలా అంటాం? అయినా ఎప్పుడూ అమ్మేవాడి నీతేనా, కొనేవాళ్ల మర్యాద గురించి ఎవరూ మాట్లాడరేం? అర్ధరాత్రి 'లాస్ట్ ఎంత' అని మెసేజ్, నమస్కారం లేదు పాడు లేదు. 15కి ఖాయం చేసుకుంటారు, ఆ మాట నమ్మి ఇంకో ఇద్దరికి లేదని చెప్పేస్తాం, తీరా గుమ్మంలోకొచ్చి జేబులో 12 వేలే ఉన్నాయంటారు!

ఓరుగల్లు_ఢోలక్:
బాబాయ్, గా ముచ్చట వేరే, ఇది వేరే. రబ్బరు కింద దెబ్బను పసిగట్టే సెన్సర్ పోయినట్టుంది, తెలిసిన మెకానిక్ ఉంటే మార్పిచ్చుకోవచ్చు. రోగం పెద్దది కాదు. కానీ ముందే చెప్తే ఈ తమ్ముడు రెండు వేలు తగ్గించమని అడుగుతుండె. ఆ రెండు వేలు పోతయనే కదా నోరు మూసుకున్నది?

నల్లకోటు_కీబోర్డు:
1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్‌లో సరిగ్గా ఇలాంటి ఉదాహరణే ఉంది. ఒకడు జబ్బు గుర్రాన్ని వేలంలో అమ్ముతూ ఆ సంగతి చెప్పడు. అది మోసం కాదు. కానీ కొనేవాడు "నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటా" అన్నాక కూడా నోరు మెదపకపోతే, ఆ మౌనం మాటతో సమానం. పైగా 19వ సెక్షన్ ప్రకారం, మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగిన లోపమైతే, అవతలివాడు చెప్పలేదన్న కారణంతో బేరం రద్దు చేసుకోలేం. అంతవరకూ బాబాయ్ గారిదే పైచేయి. అయితే తెలిసిన లోపాన్ని పనిగట్టుకుని కప్పెడితే అది మోసమే అని అదే 17 చెబుతోంది. అంచేత తేలాల్సింది ఒక్కటే: ఆ సెన్సిటివిటీ వాయించుకోడానికి పెంచాడా, అమ్ముకోడానికి పెంచాడా?

పాతసామాన్ల_బాబాయ్:
అది ఆయన మనసులోకి దూరి చూడాలి లాయర్ గారూ.

ఓరుగల్లు_ఢోలక్:
ఎందుకు పెంచినా సరే, అమ్మే రోజు అది పెంచి ఉందని ఆయనకు తెలుసు కదా! నేనైతే పైసలు కొట్టే ముందు వాట్సాప్‌ల రాసి పెడ్త: "అన్నా, నువ్వేం చెప్పకుంటే అన్ని ప్యాడ్లు మంచిగున్నయనే తీసుకుంటున్న." సగం మంది అక్కడ్నే బయటపెడ్తరు. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి చూద్దామంటే మాత్రం ఒప్పుకోరు. వాళ్లదీ న్యాయమే, ఏండ్ల సంది సేవ్ చేసుకున్న సౌండ్ సెట్టింగులు, గవే ప్యాచ్‌లు, అన్నీ పోతయి. అందుకే ఒక్కో ప్యాడ్ సెన్సిటివిటీ అంకె చూపియ్యమని అడగాలె. ఒక్కటి ఎక్కువుంటే అక్కడ్నే ఆగాలె. ఇంకోటి, ఒక్కో ప్యాడ్ గట్టిగ కొట్టి పక్కది మోగుతదేమో చూడాలె. మెల్లగ కొడితే ఇది దొరకది.

గుంటూరు_రిథమ్:
బేరం రద్దు చేయమని నేనడగడం లేదన్నా. సెట్టింగ్స్ ఫొటో పంపి, రిపేరులో సగం భరించమన్నాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

పాతసామాన్ల_బాబాయ్:
సగం అడగడం సబబే. నేనైతే ఇచ్చేసేవాణ్ణి. కానీ ఆ మెసేజ్‌లో 'మోసం' అని గానీ రాశావా? రాసుంటే రూపాయి రాలదు.

గుంటూరు_రిథమ్:
రాశాను బాబాయ్, రెండుసార్లు.