లైట్నింగ్ నెట్‌వర్క్ బిట్‌కాయిన్ చెల్లింపుల వేగాన్ని పెంచిందా, సమస్యను పక్కకు జరిపిందా?

ప్రశ్న (నిత్యపాఠకుడు):

బిట్‌కాయిన్ చెల్లింపులను వేగవంతం చేసే ప్రయత్నాల గురించి చదివినప్పుడల్లా ఎలిజబెత్ స్టార్క్ పేరు ఎదురవుతోంది. న్యాయశాస్త్రం చదివి, స్టాన్‌ఫర్డ్, యేల్ విశ్వవిద్యాలయాలలో బోధించిన ఆమె 2016లో ఒలావొలువా ఒసుంటోకున్‌తో కలిసి లైట్నింగ్ ల్యాబ్స్‌ను స్థాపించారు. చెల్లింపులను బ్లాక్‌చెయిన్‌కు, అంటే బిట్‌కాయిన్ ఉమ్మడి పద్దుకు, ఎక్కించకుండానే జరిపే లైట్నింగ్ నెట్‌వర్క్‌కు సాఫ్ట్‌వేర్ రాసే సంస్థ అది. బిట్‌కాయిన్‌లో సుమారు పది నిమిషాలకు ఒక బ్లాకు (లావాదేవీల కట్ట) మాత్రమే చేరుతుందనీ, సెకనుకు ఏడు లావాదేవీలు పట్టడమే గగనమనీ నాకు తెలుసు. నాకు తీరని సందేహాలు రెండు. బ్లాకు పరిమాణాన్ని పెంచేస్తే పోయేదానికి ఇంత పెద్ద ఏర్పాటు ఎందుకు? బ్లాక్‌చెయిన్‌కు ఎక్కని చెల్లింపు పూర్తయిందని పుచ్చుకునేవారు ఏ ధైర్యంతో నమ్ముతారు?

జవాబు (లెక్కలమనిషి):

మీ రెండో సందేహంతో మొదలుపెడతాను, అసలు కిటుకంతా అక్కడే ఉంది. ఇద్దరి సంతకాలూ ఉంటే తప్ప కదలని చిరునామాలో కొంత సొమ్ము వేస్తే దానిని చానల్ అంటారు; తెరిచేటప్పుడు ఈ ఒక్క లావాదేవీయే బ్లాక్‌చెయిన్‌కు ఎక్కుతుంది. అందులో నావి లక్ష సతోషీలు (ఒక సతోషీ అంటే బిట్‌కాయిన్‌లో పది కోట్లవ వంతు) ఉన్నాయనుకుందాం. మీకు ఐదు వేలు చెల్లించాలంటే, నాకు తొంభై ఐదు వేలు, మీకు ఐదు వేలు అని పంచే కొత్త లావాదేవీ మీద ఇద్దరం సంతకాలు చేసి, దానిని మన దగ్గరే ఉంచుకుంటాం. పాత పంపకాన్ని రద్దు చేసే రహస్య సంఖ్యను కూడా నేను మీ చేతికి ఇస్తాను. రేపు దుర్బుద్ధి పుట్టి నేను ఆ పాత పంపకాన్నే బ్లాక్‌చెయిన్‌కు పంపితే, ముందే ఒప్పుకున్న గడువు తీరేలోగా మీరు ఆ సంఖ్యతో చానల్‌లోని సొమ్మంతా తీసేసుకోవచ్చు. పుచ్చుకునేవారికి ధైర్యం ఆ జరిమానా నుంచే వస్తుంది. మనిద్దరి మధ్య నేరుగా చానల్ లేకపోతే మధ్యవర్తుల చానళ్ల గుండా, అన్నింటికీ ఒకే హ్యాష్ షరతు (ఫలానా రహస్యం చూపితేనే సొమ్ము దక్కే షరతు) పెట్టి సొమ్ము పంపుతారు. ఆఖరి వ్యక్తి రహస్యం బయటపెడితే గానీ మధ్యలో ఎవరికీ ఏమీ దక్కదు.

జవాబు (పాతనోడ్):

బ్లాకు పరిమాణం గురించి. సరిగ్గా ఆ వాదన మీదే 2017 ఆగస్టు 1న ఎనిమిది మెగాబైట్ల పరిమితితో బిట్‌కాయిన్ క్యాష్ అనే వేరే నాణెం బిట్‌కాయిన్ నుంచి విడిపోయింది. బ్లాకులు పెరిగిన కొద్దీ నోడ్ (పద్దును సరిచూసే కంప్యూటర్) నడపడానికి అయ్యే ఖర్చు పెరిగి, సామాన్యులు తప్పుకొని, లెక్కలు సరిచూసే పని కొద్దిమంది చేతుల్లో పడుతుందన్నది అవతలి పక్షం భయం. నా మటుకు ఆ భయం సబబే. అదే నెలలో, సంతకాలను లావాదేవీ గుర్తింపు సంఖ్య లెక్క నుంచి విడదీసే సెగ్‌విట్ అనే మార్పు బిట్‌కాయిన్‌లో అమలులోకి వచ్చింది. అంతకుముందు, ఇంకా బ్లాకుకు ఎక్కని లావాదేవీ గుర్తింపు సంఖ్యను బయటివారు మార్చగలిగేవారు కనుక, ఆ సంఖ్యను ఆధారం చేసుకొని అల్లిన చానల్ ఒప్పందాలన్నీ చెల్లకుండా పోయే ప్రమాదం ఉండేది. ఆ చిక్కు వీడాకే లైట్నింగ్‌కు దారి సుగమమైంది.

ఇంకొక మాట. ఈ ఆలోచనను 2015లో ప్రతిపాదించినవారు జోసెఫ్ పూన్, థాడియస్ డ్రైజా. దానిని నడిచే సాఫ్ట్‌వేర్‌గా మలచడంలో స్టార్క్ సంస్థ వాటా పెద్దది, ఆమె ఒక్కరి ఘనతగా రాసే వ్యాసాలను మాత్రం కొంచెం తగ్గించి చదవండి. 2018 మార్చిలో వారి లైట్నింగ్ సాఫ్ట్‌వేర్ ఎల్‌ఎన్‌డీ బీటా (ప్రయోగ రూపం) వచ్చినప్పుడు, ఇతర బృందాలతో కలిసి రాసుకున్న ప్రమాణం ప్రకారం ఒక్కో చానల్‌లో 1,67,77,215 సతోషీలకు మించి వేయనివ్వలేదు. లోపం బయటపడినా నష్టం చిన్నదిగా ఉండాలని పెట్టిన హద్దు అది. వేగాన్ని ప్రచారం చేసుకునే సంస్థలు ఇలా తమ చేతులు తామే కట్టుకోవడం అరుదు.

నిత్యపాఠకుడు:

ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే చానల్ తెరవాలన్నా మూయాలన్నా మళ్లీ ఆ ఇరుకు బ్లాక్‌చెయిన్‌కే రావాలి కదా. జనమంతా ఒకేసారి వస్తే?

జవాబు (లెక్కలమనిషి):

ఆ లెక్క పూన్, డ్రైజా రాసిన మూలపత్రంలోనే ఉంది. 700 కోట్ల మంది ఏడాదికి రెండేసి చానళ్లు తెరవాలంటే 133 మెగాబైట్ల బ్లాకులు కావాలని దాని రచయితలే రాశారు. అంటే చానల్ లోపల చెల్లింపులకు హద్దు లేకపోయినా, చానళ్ల సంఖ్యకు హద్దు ఉంది.

రోజువారీ వాడుకలో అంతకన్నా ముందు తగిలే ఇబ్బంది వేరే ఉంది. కొత్తగా చానల్ తెరిచినవారి సొమ్మంతా వారి వైపే ఉంటుంది. అవతలి వైపు ఏమీ లేనప్పుడు వారు చెల్లించగలరు గానీ పుచ్చుకోలేరు. అమ్మకందారులకు ఇది పెద్ద తలనొప్పి. దీనికోసమే లైట్నింగ్ ల్యాబ్స్ 2019లో, చానల్ మూయకుండానే అందులోని సొమ్మును బయటికి పంపి పుచ్చుకునే చోటు కల్పించే లూప్‌నూ, 2020లో చానళ్లను అద్దెకు తీసుకునే వేలంలాంటి పూల్‌నూ తెచ్చింది. ఇవి ఉపశమనాలే, ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు సొమ్మును కదలకుండా కట్టిపడేయక తప్పదు.

జవాబు (పాతనోడ్):

అందుకే చాలామంది విసిగి, సొమ్మును కదిలించే తాళంచెవులు సంస్థ చేతిలోనే ఉండే వాలెట్లకు వెళ్లిపోతున్నారు. అక్కడ చెల్లింపు వెంటనే జరుగుతుంది, కానీ పైన చెప్పిన జరిమానా రక్షణ ఏదీ వాడుకదారుకు వర్తించదు. ఒకే నమోదుతో పలువురికి చానళ్లు తెరిచే చానల్ ఫ్యాక్టరీల ప్రతిపాదన ఆశ పుట్టిస్తుంది గానీ, దానిలో మార్పు చేయాలంటే సభ్యులందరూ సంతకం చేయాలి. ఒక్కరి ఫోను ఆగిపోయి ఉన్నా మిగతావారంతా వేచి ఉండాల్సిందే.