హరికేన్ వస్తోంది, ఇంటి పక్కన ట్రైలర్ ఉంది. ఏం చేయాలి?

టాంపా_పద్మ
అందరికీ నమస్కారం. గల్ఫ్‌లో ఉన్న తుఫాను బుధవారం రాత్రికి మా వైపే వస్తుందంటున్నారు. మాది టాంపా, ఎవాక్యుయేషన్ జోన్ సి (నీటి ముప్పుని బట్టి ఖాళీ చేయించే ప్రాంతాల్లో ఒకటి). ఇంటి పక్కన 26 అడుగుల ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు) ఉంది. ఇక్కడే కట్టేసి ఉంచాలా, లాక్కుని ఎటైనా వెళ్లాలా? దాని ఆనింగ్ (పక్కకు విప్పే నీడ గుడ్డ) సగంలో ఆగిపోయింది, మోటారు పనిచేయడం లేదు. అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, నాన్నగారికి ఇన్సులిన్. కరెంటు పోతే దాన్నెలా కాపాడాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

కేటీ_మామ
అమ్మా పద్మా, వెళ్లేదుంటే ఇప్పుడే వెళ్లండి. 2005లో రీటా హరికేన్ వస్తోందన్నప్పుడు హ్యూస్టన్ అంతా ఒకేసారి రోడ్డెక్కింది. ఎండలో, ఏసీ లేకుండా, బంకుల్లో చుక్క పెట్రోలు లేకుండా జనం ఫ్రీవేల మీదే ఉండిపోయారు. టెక్సస్‌లో తుఫాను వల్ల కంటే ఆ ప్రయాణంలోనే ఎక్కువమంది చనిపోయారు. ట్రైలర్ లాగుతూ ఆ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే పక్కకు తీయడానికి కూడా చోటుండదు.

ఓకాలా_రవి
ట్రైలర్ కట్టడం గురించి చెబుతాను. ఫ్రెష్ వాటర్ ట్యాంకు నిండా నింపండి. బరువు కిందే ఉంటుంది కాబట్టి గాలికి కదలదు. బ్లాక్ ట్యాంకు (టాయిలెట్ మురుగుది) ముందే ఖాళీ చేయించండి, తర్వాత దాన్ని పారబోసే డంప్ స్టేషన్లు ఎప్పుడు తెరుస్తారో తెలియదు. స్లైడ్లు (బయటికి జరిగే గది భాగాలు) లోపలికి లాగండి, ప్రొపేన్ గ్యాస్ వాల్వులు మూసేయండి. ఐర్మా హరికేన్ అప్పుడు మేము ఇదే చేశాం, ట్రైలర్ అంగుళం కూడా కదల్లేదు.

ఉక్కు_కాంక్రీటు
రవి గారూ, నేను స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని, ఈ రాష్ట్రంలోనే పీఈ (ప్రొఫెషనల్ ఇంజినీర్) లైసెన్స్ ఉంది. గాలి లెక్కలు నా రోజువారీ పని. గంటకు 100 మైళ్ల గాలి చదరపు అడుగుకి దాదాపు 25 పౌండ్లు తోస్తుంది. 26 అడుగుల ట్రైలర్ పక్క గోడ 250 చదరపు అడుగులు అనుకోండి, అంటే 6,400 పౌండ్ల తోపు. అది నేల నుంచి ఆరడుగుల ఎత్తులో పడుతుంది కాబట్టి, బండిని పడదోసే బలం 38,000 ఫుట్-పౌండ్లు దాటుతుంది. ట్రైలర్ బరువు 6,000 పౌండ్లు, వెడల్పు ఎనిమిదడుగులు అనుకుంటే దాన్ని ఆపే బలం 24,000. మీ 40 గ్యాలన్ల నీళ్లు 334 పౌండ్లు. దాంతో కలిసొచ్చేది 1,300 మాత్రమే. ట్యాంకు నింపి ధైర్యంగా పడుకోమని జనానికి చెప్పకండి.

ఓకాలా_రవి
పడుకోమని నేనెక్కడ అన్నాను? ఓకాలాలో 100 మైళ్ల గాలి రాలేదు. మీ లెక్కనే 70 మైళ్లకి వేసి చూడండి.

ఉక్కు_కాంక్రీటు
వేశాను. 18,800 వస్తుంది. నిలబడుతుంది.

ఓకాలా_రవి
మరి? లైసెన్స్ ఉంటే సగం లెక్క చెప్పి ఎదుటివాడి నోరు మూయించొచ్చా?

ఉక్కు_కాంక్రీటు
ఆవిడ ఉన్నది ఓకాలాలో కాదు, టాంపాలో. మిల్టన్ హరికేన్ 2024 అక్టోబరు 9 రాత్రి సియెస్టా కీ దగ్గర తీరం దాటినప్పుడు కేటగిరీ 3. ట్రాపికానా ఫీల్డ్ స్టేడియం కప్పు చిరిగి పీలికలైంది. కట్టేదుంటే కప్పు మీదుగా పట్టీలు వేసి గ్రౌండ్ యాంకర్లకి (నేలలో దించిన కొక్కేలకి) బిగించాలి. అదీ బండి కోసమే, అందులో మనుషులు ఉండకూడదు. ఏ జోన్ అయినా మొబైల్ హోముల్లో, ఆర్‌వీల్లో (ఇలాంటి బండి ఇళ్లలో) ఉండేవాళ్లను ముందు ఖాళీ చేయమనేది అందుకే.

షార్లెట్_అనూరాధ
ఉత్తరానికి వెళ్లాలనుకునే వాళ్లకు ఒక మాట. 2024 సెప్టెంబరులో హెలీన్ హరికేన్ ఫ్లోరిడా బిగ్ బెండ్‌లో తీరం దాటింది, ఊళ్లు కొట్టుకుపోయింది మాత్రం మా నార్త్ కరోలినా కొండల్లో. పీజియన్ రివర్ లోయలో ఐ-40 హైవే రోడ్డే కొంత నదిలోకి జారింది. ఏటి ఒడ్డున చల్లగా ఉందని క్యాంప్‌గ్రౌండ్ బుక్ చేసుకోకండి. ఎత్తు మీద ఉందా, బయటికి రెండో దారి ఉందా అని అడగండి. ఆ వరదలో మాకు తెలిసినవాళ్లు సర్వం పోగొట్టుకున్నారు, అందుకే గట్టిగా చెబుతున్నా.

టాంపా_పద్మ
ధన్యవాదాలండీ. ఇన్సులిన్ సంగతి ఎవరైనా చెప్పగలరా?

సీతమ్మధార_వాసు
హుద్‌హుద్ అప్పుడు నేను వైజాగ్‌లోనే ఉన్నాను. 2014 అక్టోబరు 12. ఎయిర్‌పోర్టు కప్పు లేచిపోయింది, ఊళ్లో చెట్టన్నది మిగల్లేదు. స్లాబు ఇంట్లో కిటికీలు లేని గదిలో కూర్చున్నాం, ఏమీ కాలేదు. ఇక్కడివి చెక్క ఇళ్లు. ఇంట్లో ఉండిపోవడం నాకు సరైన సలహా అనిపించదు.

బ్రాండన్_మురళి
వాసు గారూ, అన్నీ చెక్క ఇళ్లు కాదు. టాంపా చుట్టుపక్కల కాంక్రీట్ బ్లాక్ గోడలవి బోలెడు, కప్పుని మోసేవి మాత్రం చెక్క ట్రస్సులు (దూలాల చట్రాలు). బలహీనమైన చోటు గ్యారేజ్ తలుపు. అది లోపలికి విరిగితే గాలి దూరి కప్పును కింద నుంచి లేపుతుంది. కిటికీలకు టేపు అంటించడం దండగ, షట్టర్లు గానీ ప్లైవుడ్ గానీ కొట్టండి. నీళ్లొచ్చే జోన్ అయితే ఖాళీ చేయాలి, గాలి అయితే గట్టి ఇంట్లో దాక్కోవాలి, ఇక్కడి ఎమర్జెన్సీ వాళ్లు చెప్పేది ఇదే. ఊరికే రాష్ట్రం దాటాలని లేదు. మిల్టన్‌కి తూర్పు తీరంలో ఫోర్ట్ పియర్స్ దగ్గర టోర్నడోలు వచ్చి మొబైల్ హోముల్లో ఉన్న పెద్దవాళ్లు చనిపోయారు. అసలు తుఫాను వచ్చింది పడమటి తీరానికి.

కేటీ_మామ
జెనరేటర్ మాట ఎవరూ ఎత్తలేదేమిటి? గ్యారేజీలో పెట్టి తలుపు కొంచెం తెరిచాం కదా అనుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ఇంటికి 20 అడుగుల దూరంలో, పొగ కిటికీల వైపు రాకుండా పెట్టాలి. జెనరేటర్ కరెంటు గోడ ప్లగ్గులోకి ఎక్కిస్తే అది బయటి తీగల్లోకి వెళ్లి, లైను బాగుచేసే మనిషి ప్రాణం పోతుంది. బెరిల్ హరికేన్ తర్వాత మా వీధిలో ఒకాయన అదే పని చేస్తుంటే నేను వెళ్లి తీయించాను, ఇప్పటికీ నాతో మాట్లాడడు. పర్వాలేదు.

లేక్‌ల్యాండ్_శిరీష
ఇన్సూరెన్స్ ఇప్పుడు కొనడం కుదరదండీ. ఫెడరల్ ఫ్లడ్ పాలసీకి మామూలుగా 30 రోజులు ఆగాలి. ట్రైలర్‌కి కాంప్రెహెన్సివ్ కవరేజీ (తుఫాను లాంటి నష్టాలకు వర్తించేది) ఉందేమో పాలసీ తీసి చూడండి. ఇల్లు, బండి లోపలా బయటా వీడియో తీసి ఆన్‌లైన్‌లో పెట్టుకోండి. మాకు క్లెయిమ్‌లో వీడియో లేదని ఏడాది తిప్పారు, ఆ కోపం ఇంకా తగ్గలేదు.

ఓకాలా_రవి
పద్మ గారూ, ఆనింగ్ మోటారు చివర మూత తీసి చూడండి, చాలా మోడళ్లలో డ్రిల్‌తో తిప్పే చోటు ఉంటుంది. లేకపోతే ఇద్దరు పట్టుకుని చేత్తో చుట్టి, ఆనింగ్ రెండు పక్కల కడ్డీల్నీ రాచెట్ పట్టీతో (బిగించే పట్టీ) కట్టేయండి. బట్ట ఒక్కసారిగా లాగేస్తుంది, వేళ్లు జాగ్రత్త. ట్యాంకు మాత్రం నింపండి. బరువు మాట ఎలా ఉన్నా, తర్వాత బాత్రూములోకి ఆ నీళ్లే దిక్కు.

ఉక్కు_కాంక్రీటు
ఆ చివరి మాట నేనూ ఒప్పుకుంటాను.

బ్రాండన్_మురళి
ట్రైలర్ లాగేదుంటే గాలి మొదలవకముందే లాగండి. గాలి నిలకడగా 40 మైళ్లకి చేరితే టాంపా బే మీది స్కైవే బ్రిడ్జి మూసేస్తారు. ఎత్తయిన బండికి అంతకంటే ముందే ప్రమాదం.

ఫార్మసీ_లక్ష్మి
పద్మ గారూ, ఆలస్యంగా చూశాను. వాడుతున్న ఇన్సులిన్ చాలా రకాలు 86 డిగ్రీల ఫారెన్‌హీట్ (30 సెల్సియస్) లోపు బయట 28 రోజుల దాకా ఉంటాయి, నాన్నగారి పెట్టె మీద ఒకసారి చదవండి. తెరవనివి ఫ్రిజ్‌లో. కరెంటు పోయినా, తలుపు తీయకపోతే ఫ్రిజ్ నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. తర్వాత ఐస్ బాక్సులో, ఐస్‌కి నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి పెట్టండి. ఒకసారి గడ్డకడితే పారేయాల్సిందే. మీ ట్రైలర్ ఫ్రిజ్ ప్రొపేన్‌తో నడిచేదైతే, తుఫాను దాటాక బండి సమంగా నిలబెట్టి అందులో పెట్టుకోవచ్చు.

టాంపా_పద్మ
లక్ష్మి గారూ, చాలా థాంక్స్. మా ఫ్రిజ్ ప్రొపేన్‌దే. ట్యాంకు నింపుతున్నాం. ఆనింగ్ డ్రిల్‌తో తిరిగింది రవి గారూ. రేపు తెల్లవారుజామున ట్రైలర్‌ని లేక్‌ల్యాండ్‌లో స్టోరేజీలో పెట్టి, మేము అక్కడే స్నేహితుల కాంక్రీట్ బ్లాక్ ఇంట్లో ఉంటాం. శిరీష గారూ, లేక్‌ల్యాండ్‌లో ఇసుక బస్తాలు ఎక్కడిస్తున్నారో తెలుసా?